చిత్తడి నేల, స్థానిక అడవి కలిపి పెంచాలంటే: ముందు తూము, తర్వాతే మొక్క

ఊరి చివర 20 ఎకరాల నేల. ఒక పక్క పల్లం, వానకి నీళ్లు నిలుస్తాయి. ఇంకో పక్క మెరక, అక్కడ పాత చెట్లు కొన్ని మిగిలాయి. దీన్ని చిత్తడి నేల, స్థానిక అడవి రెండూ ఉండే సంరక్షణ వనంగా మార్చాలి. ఎంత లోతు తవ్వాలి, ఏం నాటాలి, చేపలు వదలాలా, జనాన్ని ఎక్కడిదాకా రానివ్వాలి అని మీరు అడిగారు.

వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. నీటిమట్టాన్ని మీకు కావాల్సినప్పుడు దించగలరా, నిలపగలరా? దించే వీలు లేని చోట ఎంత తవ్వినా, ఎంత ఖరీదైన మొక్క నాటినా కొన్నేళ్లకు మిగిలేది రెండింట్లో ఒకటి: నిలువెల్లా జమ్ము పట్టిన గుంట, లేదా ఒడ్డుదాకా నిండి పిట్ట వాలని చెరువు. డబ్బు తక్కువైతే తవ్వకం తగ్గించండి, మొక్కలు తగ్గించండి. తూము మాత్రం తగ్గించకండి.

ఏడాదంతా నీళ్లు నిండుగా ఉండాలని అందరూ కోరుకుంటారు, ఫొటోకీ అదే బాగుంటుంది. కానీ చిత్తడి నేలకు ఎండటం కూడా కావాలి. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన ఒప్పందం తన నిర్వచనంలో శాశ్వతంగా నీళ్లుండే చోట్లనే కాదు, కొంతకాలమే నీళ్లు నిలిచే చోట్లనూ, మనుషులు తవ్వినవాటినీ చిత్తడి నేలలుగానే లెక్కపెట్టింది. బురద గాలి తగిలి ఆరినప్పుడు అడుగున పేరుకున్న కుళ్లు విరిగి పోషకాలు బయటికొస్తాయి, మట్టిలో నిద్రపోతున్న గింజలు మొలుస్తాయి, పురుగుల కోసం బురద పిట్టలు దిగుతాయి. మళ్లీ నీళ్లొచ్చేసరికి ఆ మొలకలూ గింజలే బాతులకు మేత. ఎప్పుడూ ఒకే మట్టంలో నిలిచిన నీటిలో ఈ చక్రం తిరగదు.

ఇక పని. యంత్రం తెచ్చే ముందు కనీసం ఒక పూర్తి ఏడాది నేలను చూడండి. సర్వేయరుతో 10 మీటర్ల గళ్ల చొప్పున మట్టాలు తీయించి, పల్లపు భాగానికి 10 సెంటీమీటర్ల తేడాతో గీతలు వేయించండి. మామూలు నక్షాల్లో ఉండే మీటరు గీతలు ఇక్కడ ఎందుకూ పనికిరావు. చిత్తడి నేలలో అరడుగు తేడా అంటే వేరే మొక్క, వేరే పక్షి. నాలుగైదు చోట్ల 2 మీటర్ల లోతు గుంతలు తవ్వి పొరలు చూడండి. బూడిద రంగు మట్టిలో తుప్పు రంగు మచ్చలు కనబడితే అక్కడిదాకా ఏటా నీళ్లు ఎక్కి దిగుతున్నాయని అర్థం. బంక ఎంతుందో చేత్తోనే తెలుస్తుంది: తడి మట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీయండి. 5 సెంటీమీటర్లు దాటి తెగకుండా వేలాడితే నీళ్లు పట్టే బంక. 2 సెంటీమీటర్లకే తెగితే అక్కడ కట్ట, గుంట రెండూ కారతాయి. భూగర్భ నీటిమట్టం కోసం చిల్లులు పెట్టిన 50 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టాలు నిలువుగా పాతి, వారానికోసారి కర్ర దించి కొలవండి.

లెక్క కూడా కాగితం మీద వేసుకోండి, కష్టమేం కాదు. ఒక హెక్టారు నీటిమీద 1 మిల్లీమీటరు అంటే 10 ఘనపు మీటర్లు. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైపోయి, 2 మిల్లీమీటర్లు ఇంకిపోతే రోజుకు 70 ఘనపు మీటర్లు పోతున్నట్టు. వాన లేని 100 రోజుల్లో మట్టం 70 సెంటీమీటర్లు పడిపోతుంది. అంటే అరమీటరు లోతున్న భాగమంతా ఆరుతుంది, మీటరున్నర గుంటలో మాత్రం చేపలకూ కప్పలకూ 80 సెంటీమీటర్లు మిగులుతుంది. ఈ లెక్క చూసి ఎంత భాగం ఆరనివ్వాలో, ఎక్కడ నీళ్లు నిలపాలో ముందే తేల్చుకోవచ్చు. ఆరకుండా ఉండటానికి బోరు నీళ్లు పోయాలని మాత్రం చూడకండి. అది తీరే ఖర్చు కాదు, చుట్టుపక్కల ఊటనూ లాగేస్తుంది.

వచ్చే నీళ్లు ఎక్కడివో కూడా చూడాలి. పొలాల మీదుగా వచ్చే నీరు ఎరువునూ, ఒండ్రునూ మోసుకొస్తుంది. భాస్వరం ఎక్కువైతే నీళ్లు పచ్చగా మారి, అడుగున వెలుతురు లేక నీటిలో మునిగి పెరిగే మొక్కలు చచ్చిపోతాయి. అందుకే నీళ్లు లోపలికి వచ్చే చోట విడిగా ఒక పూడిక గుంట ఉండాలి. మొత్తం నీటి విస్తీర్ణంలో పదో వంతు, 1 నుంచి 1.5 మీటర్ల లోతు, పక్కనే యంత్రం నిలబడి పూడిక తీయడానికి గట్టి దారి. ఈ దారి వదిలేసి, పూడిక నిండాక చుట్టూ పెరిగిన మొక్కల్ని తొక్కించుకుంటూ యంత్రాన్ని దింపడం చాలాచోట్ల జరిగేదే. పూడిక గుంటకూ అసలు చిత్తడికీ మధ్య తుంగ, గడ్డి ఒత్తుగా ఉన్న 10 నుంచి 30 మీటర్ల పట్టీ మీదుగా నీరు పలచగా పారాలి, కాలువ కట్టి కాదు.

కట్ట విషయంలో పొదుపు పనికిరాదు. ముందు పైమట్టి, వేళ్లు మొత్తం తీసేయాలి. కట్ట నడుమ కింద కందకం తవ్వి బంక పొరలోకి కనీసం 30 సెంటీమీటర్లు దిగాలి, దాన్ని మంచి బంకతో నింపాలి. మట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా వేసి, ముద్ద కట్టేంత తడి చూసుకుని, పొరపొరకూ రోలరు తిప్పాలి. ఎండు గడ్డలతో ఒకేసారి ఎత్తుగా పోసి పైన తొక్కించిన కట్ట మొదటి నిండుకే కారుతుంది. పై వెడల్పు 3 మీటర్లు, నీటివైపు వాలు 1:3 (ఒక మీటరు ఎత్తుకు మూడు మీటర్ల అడ్డం), బయటివైపు 1:2.5, నిండు మట్టానికి పైన కనీసం 50 సెంటీమీటర్ల ఎత్తు, కుంగుబాటుకు మరో 10 శాతం. కట్ట మీద చెట్టు నాటకండి. అది బతికినంతకాలం వేళ్లు కట్టను చీలుస్తాయి, చచ్చాక ఆ వేళ్లు కుళ్లిన దారుల్లోంచి నీరు కారుతుంది. గడ్డి చాలు. అలుగు కట్ట మీద కాదు, కట్ట చివర గట్టి సహజ నేల మీదే ఉండాలి. దాని వెడల్పును వరద లెక్క వేసే ఇంజనీరు తేల్చాలి, అంచనా మీద వదలొద్దు. కింది రైతులకు వెళ్లే నీటికి అడ్డం పడుతున్నారేమో, అనుమతులు ఏం కావాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. కట్ట లేచాక తేల్చుకునే విషయం కాదిది.

ఇప్పుడు తూము. గేటు తిప్పే రకం కంటే పలకల తూము ఈ పనికి మేలు. నీటివైపు ఒక కాంక్రీటు పెట్టె, దాని రెండు పక్కగోడల్లో నిలువు గాళ్లు, ఆ గాళ్లలో ఒకదానిమీద ఒకటి దింపే చెక్క పలకలు. పెట్టె అడుగు నుంచి కట్ట కిందుగా బయటికో గొట్టం. పలక ఎత్తు 10 సెంటీమీటర్లు, పై రెండూ 5 చొప్పున చేయించుకోండి. అప్పుడు మట్టాన్ని 5 సెంటీమీటర్ల మెట్టుతో దించవచ్చు. గాళ్లు రెండు వరసలు పెట్టించి, రెండు వరసల పలకల మధ్య బంకమట్టి కూరితే ఒక్క చుక్క కారదు. పెట్టె మూతకు తాళం తప్పనిసరి. చేపలు పట్టేవాళ్లు రాత్రికి రాత్రే పలకలు లాగేస్తే గూళ్ల కాలంలో మొత్తం పోతుంది. గొట్టం అడుగు పల్లంలోని అతి లోతైన చోటి కంటే కిందికి ఉండాలి, లేకపోతే పూర్తిగా ఆరబెట్టలేరు. కట్టలు తెగేది ఎక్కువగా ఈ గొట్టం పక్కనుంచే. గొట్టం గుండ్రం కింద, రెండు పక్కలా రోలరు అందదు కాబట్టి అక్కడ మట్టి వదులుగా ఉండిపోతుంది. ఆ చోట పలచటి పొరలు వేసి దిమ్మిసతో చేత్తోనే కొట్టించండి. బయటివైపు మూడో వంతులో గొట్టం చుట్టూ ఇసుక పట్టీ పెడితే కారిన నీరు మట్టిని వెంట తీసుకుపోదు.

నీళ్లు దించేటప్పుడు రోజుకు 2, 3 సెంటీమీటర్లకు మించొద్దు. గబగబా దించితే బురద ఒకేసారి బయటపడి ఒకేసారి ఎండిపోతుంది, పిట్టలకు వారం కూడా దక్కదు. మెల్లగా దించితే తడి బురద అంచు రోజూ కొంచెం కిందికి జరుగుతూ వారాల తరబడి మేత ఇస్తుంది. స్థలం ఉంటే ఒకే పెద్ద గుంటకు బదులు మూడు మడులుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక్కో తూము పెట్టండి. అప్పుడు ఏటా ఒక మడిని పూర్తిగా ఆరబెట్టి మిగతా రెండిట్లో నీళ్లుంచవచ్చు. గూళ్ల కాలంలో మట్టం కదపకండి. పెంచితే గుడ్లు మునుగుతాయి, తగ్గిస్తే కుక్కలూ నక్కలూ నీటి మధ్య గూళ్లుండే లంకల మీదికి నడిచి వెళ్తాయి.

లోతు గురించి అడిగారు కదా. అందరూ అనుకునేదానికంటే చాలా తక్కువ. బురద పిట్టలకు 0 నుంచి 10 సెంటీమీటర్లు, తల ముంచి మేసే బాతులకు 25 లోపు, కొంగలకు మోకాలి లోతు. మునిగి మేసే బాతులకూ, బుడుబుంగలకూ మాత్రమే మీటరు పైన. మొత్తం విస్తీర్ణంలో సగానికి పైగా 30 సెంటీమీటర్ల లోపే ఉండేలా చూసి, ఐదో వంతు మాత్రం మీటరు నుంచి మీటరున్నర తవ్వండి. ఒడ్డు వాలు 1:10 నుంచి 1:20. వాలు 1:3 లాగా నిటారైతే పది సెంటీమీటర్లు మట్టం తగ్గినా బయటపడే బురద 30 సెంటీమీటర్లే. 1:20 అయితే 2 మీటర్ల పట్టీ బయటపడుతుంది. ఒకే ఒక్క చోట మాత్రం నిలువు గట్టు వదలండి, లకుముకి పిట్టలు బొరియలు తవ్వుకుంటాయి. లంకలు బల్లపరుపుగా, నిండు మట్టానికి 30 సెంటీమీటర్లు ఎత్తున, పైన గులకరాళ్లు పరిచి ఉండాలి. ఒడ్డుకూ లంకకూ మధ్య కనీసం 10 మీటర్ల దూరం, మీటరు లోతు నీరు ఉండాలి. లంక మీద చెట్టు పెడితే దాని మీద గద్ద కూర్చుంటుంది, నేల మీద గూడు పెట్టే పిట్ట మళ్లీ రాదు.

తవ్విన పైమట్టిని ఏం చేయాలన్నది నేలను బట్టి. చాలాకాలంగా ఎరువు వేసి పండించిన నేలైతే ఆ మట్టిని తడి భాగంలో తిరిగి పరచకండి, పాచికీ జమ్ముకీ విందు పెట్టినట్టే. ఎప్పుడూ దున్నని పల్లమైతే పై 15 సెంటీమీటర్ల మట్టిని విడిగా తీసి, మీటరున్నర ఎత్తు దాటకుండా కుప్పపోసి, తొందరగా వెనక్కి పరిచేయండి. అందులో ఉన్న గింజలు ఏ నర్సరీలోనూ దొరకవు.

అందుకే తడి భాగంలో పెద్దగా నాటాల్సిన పని ఉండదు. మొదటి ఏడాది నీళ్లు, మట్టి, పక్షుల కాళ్లు ఏం తెస్తాయో చూసి, రానివి మాత్రమే తెచ్చి పెట్టుకోండి. దగ్గర్లోని పాత కుంట నుంచి తుంగ, కలువ దుంపలు తెచ్చినా వేళ్లు నీటిలో జాడించి, గుర్రపుడెక్క ముక్కలు, ఆకుల వెనక అంటుకున్న, నీటిపై తేలే చిన్న మొక్కలు లేవని చూసుకోవాలి. గుర్రపుడెక్క అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది, గింజలు బురదలో 15, 20 ఏళ్లు కూడా బతుకుతాయి. కాబట్టి పూత రాకముందే, పదంటే పది మొక్కలున్నప్పుడే లాగి గట్టుకు దూరంగా ఎండబెట్టాలి. యంత్రాల చక్రాలు, బూట్లు కూడా కడిగించండి.

జమ్మును ఎవరూ నాటక్కర్లేదు, గాలే తెస్తుంది. ఒక్కో కంకిలో లక్షకు పైగా గింజలుంటాయి. అది మంచి మొక్కే, సగం నీరు సగం జమ్ము ఉన్నంతవరకు గూళ్లకు దాన్ని మించింది లేదు. సగం దాటాకే గొడవ. చాలామంది ఎండాకాలంలో నీళ్లు లేనప్పుడు కోసేస్తారు, నెలలో మళ్లీ అంతే ఎత్తు లేస్తుంది. జమ్ము దుంపలు బురదలో ఊపిరి తీసుకునేది కాడలోని గాలి గొట్టాల ద్వారానే. ఎండిన కాడ నిలబడి ఉన్నా ఆ గాలి కిందికి అందుతూనే ఉంటుంది. కాడను అడ్డంగా కోసి చూడండి, గళ్లుగళ్లుగా బోలుగా కనిపిస్తుంది. అందుకని ఎదుగుదల ఆగే దశలో, నీటిమట్టానికి కింద, వీలైనంత అడుగుకు కోయాలి. కోసిన మొదళ్ల మీద కనీసం 15 సెంటీమీటర్ల నీరు కొన్ని వారాలపాటు నిలిచేలా పలకలు వేయాలి. గాలి అందక దుంప కుళ్లిపోతుంది. ఒక్క మొదలు నీటి పైకి తేలినా దానికి అంటుకున్న దుంపంతా బతికేస్తుంది కాబట్టి కోసినవాళ్ల వెనకే ఒకరు తిరిగి చూడాలి. కోసిన గడ్డి బయటికి లాగేయాలి, నీటిలో వదిలితే కుళ్లి ఆక్సిజన్ తినేస్తుంది. తూము ముందే కట్టమన్నది ఇందుకే. మట్టం మీ చేతిలో లేకపోతే ఈ పని జరగదు.

మెరక భాగానికి వద్దాం. ఏ చెట్లు అని అడిగితే ఎవరూ ఇక్కడినుంచి జాబితా ఇవ్వలేరు, ఇస్తే నమ్మకండి. అదే మట్టి, అదే వాన ఉన్న అతి దగ్గరి పాత అడవి ముక్కకు వెళ్లి పెద్ద చెట్లు, వాటి నీడన పెరిగే చిన్న చెట్లు, పొదలు, తీగలు విడివిడిగా రాసుకోండి. అదే మీ జాబితా. ఇంకో సంగతి, మీ మెరక మొదటినుంచీ గడ్డి మైదానమే అయితే అక్కడ అడవి పెంచడం కూడా పాడుచేయడమే. పాత మొదళ్లు, అడవి నీడలో పెరిగే మొక్కలు ఆనవాళ్లుగా ఉన్నాయో లేదో ముందు చూడండి.

ఉన్నాయనుకుందాం. మొదటి ఏడాది కంచె వేసి పశువుల్నీ మంటనూ ఆపి ఊరుకోండి. నేలలో మిగిలిన మొదళ్లు చిగురిస్తాయి, పాత చెట్ల చుట్టూ 50 మీటర్ల లోపు మొలకలు వాటంతటవే వస్తాయి. ఇలా లేచినవాటికి వేరు వ్యవస్థ ముందే ఉంటుంది, నాటిన మొక్క వాటితో పోటీ పడలేదు. ఖాళీగా మిగిలిన చోట్లే నాటండి. గింజలు ఒకటి రెండు చెట్ల కింద ఏరకుండా, ఒక్కో జాతికి కనీసం 20, 30 తల్లి చెట్ల నుంచి, దూరదూరంగా ఉన్నవాటి నుంచి ఏరాలి. కొన్ని గింజలు ఎండబెట్టి దాచొచ్చు, కండపట్టి తడిగా ఉండే కొన్ని జాతుల గింజలు ఎండితే చచ్చిపోతాయి, వాటిని ఏరిన వారంలోనే విత్తాలి.

2 మీటర్ల దూరంలో హెక్టారుకు 2,500, 3 మీటర్లకైతే సుమారు 1,100 మొక్కలు పడతాయి. వరసలు కట్టకండి, గుంపులుగా ఒత్తుగా పెట్టి మధ్యలో నాలుగో వంతు జాగా ఖాళీ వదలండి. చదరపు మీటరుకు మూడేసి నాటే మియావాకీ పద్ధతి గురించి ఎవరో ఒకరు చెప్తారు. హెక్టారుకు 30,000 మొక్కలు, వాటికి నీళ్లు, కూలీ లెక్కేసుకుంటే ఊళ్లోని చిన్న జాగాకు తప్ప ఇంత విస్తీర్ణానికి అర్థం లేదు. నారు మొక్క 30 నుంచి 60 సెంటీమీటర్లుంటే చాలు. ఆరడుగుల మొక్క తెచ్చి నాటితే చూడటానికి బాగుంటుంది, కానీ సంచిలో చుట్టలు తిరిగిన వేరుతో అది ఏళ్లపాటు అక్కడే ఆగిపోతుంది.

గుంత 45 సెంటీమీటర్ల ఘనం. బంక నేలలో యంత్రపు బర్మాతో గుంత తీస్తే గోడలు అద్దంలా నున్నగా తేలతాయి. వేరు దాన్ని చీల్చలేక లోపలే గుండ్రంగా తిరుగుతుంది, వానకు గుంత కుండలా నీళ్లు పడుతుంది. గునపంతో గోడలు చెక్కి గరుకు చేయించాలి. కాండం, వేరు కలిసే మెడ నేల మట్టానికే ఉండాలి. ఎరువు వద్దు, అది ముందు కలుపునే పెంచుతుంది. మొక్క చుట్టూ మీటరు వ్యాసం మేర గడ్డి లేకుండా మూడేళ్లు చూడాలి. 10 సెంటీమీటర్ల మందాన ఎండుటాకు పరచాలి, మెడకు మాత్రం నాలుగు వేళ్ల దూరం వదలాలి. నాటిన మొక్కలు చచ్చేది నీళ్లు లేక అనుకుంటారు. తీరా చూస్తే ఆ నీళ్లు తాగేసింది పక్కనున్న గడ్డి.

అడవినీ నీటినీ ఎక్కడ కలపాలన్నది ఆలోచించి చేయాలి. నీటి చుట్టూ చెట్ల గోడ కడితే బురద పిట్టలు, బాతులు దిగవు, దూరం కనబడని చోట వాటికి భయం. రాలిన ఆకు అడుగున కుళ్లుతుంది. అందుకని మూడు వైపులా 50 మీటర్ల దాకా పొట్టి గడ్డి, నాలుగో వైపు మాత్రం అడవి పొదల మీదుగా దిగి నీటిని తాకాలి. కప్పలు గుడ్లు పెట్టేది నీటిలోనైనా ఏడాదిలో ఎక్కువ కాలం గట్టు మీద, ఆకుల కిందా దుంగల కిందా గడుపుతాయి. ఆ దారికి అడ్డంగా రోడ్డు, ఖాళీ నేల ఉంటే చస్తాయి. పడిపోయిన చెట్లను శుభ్రం పేరుతో ఎత్తేయకండి. నిలబడి ఎండిన చెట్టును కాలిబాట పక్కన ఉంటే తప్ప కొట్టొద్దు. తొర్రలుండేది వాటిలోనే.

పశువుల సంగతికి రెండు ఉదాహరణలు చాలు. రాజస్థాన్‌లోని కేవలాదేవ్‌లో 1982లో గేదెల మేత ఆపేశాక నీటి గడ్డి అదుపు తప్పి నీటి జాగాలను కమ్మేసింది. నెదర్లాండ్స్‌లోని ఓస్ట్‌వార్డర్స్‌ప్లాసెన్‌లో అందుకు విరుద్ధంగా పశువుల్ని, గుర్రాల్ని, జింకల్ని లెక్క లేకుండా పెరగనిచ్చారు. 2017-18 చలికాలంలో మూడు వేలకు పైగా జంతువులు మేత లేక పోయాయి, చాలావాటిని తుపాకీతో కాల్చి చంపాల్సి వచ్చింది. మీలాంటి చిన్న చోట గూళ్ల కాలం అయ్యాక, లెక్కపెట్టుకుని కొన్ని పశువుల్ని, కొన్ని వారాలపాటు గడ్డి భాగంలోకి మాత్రమే తోలండి. మొక్కలు మేక అందనంత ఎత్తు పెరిగేదాకా అడవి భాగానికి కంచె ఉండాల్సిందే.

జనానికి: నీటి చుట్టూ తిరిగే బాట వేయకండి, పిట్టకు వెళ్లడానికి వైపు మిగలదు. మూడో వంతు ఒడ్డు వెంట బాట చాలు. కట్ట మీద నడిచే మనిషి ఆకాశానికి ఎదురుగా నల్లగా కనబడి పక్షులన్నిటినీ లేపుతాడు, కాబట్టి బాటను కట్ట బయటి పాదం వెంట వేసి, అక్కడక్కడా తడికె కట్టి చూసే సందులు పెట్టండి. చూసే గుడిసె ఉదయం వేళ సూర్యుడికి ఎదురుగా ఉండకూడదు. ఒక కిటికీ కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు, ఇంకొకటి పిల్లలకూ చక్రాల కుర్చీకీ అందేలా. చెక్క వంతెన నిండు మట్టానికి 30 సెంటీమీటర్ల పైన, వెడల్పు మీటరున్నర, పలకలు నడకకు అడ్డంగా, మధ్య 1 సెంటీమీటరు సందు, పైన కోళ్ల వల లాంటి తీగ జాలీ. జాలీ లేకపోతే మొదటి వానకే పాచి పట్టి జారుతుంది.

చేపలు వదలకండి. నీటి దారిన అవే వస్తాయి. బంగారు తీగ చేప అడుగు బురదను కెలికి నీటిని మట్టి రంగు చేస్తుంది, మునిగి పెరిగే మొక్కలు పోతాయి. దోమల కోసం గాంబూసియా అనే చిన్న చేపను వదలమని సలహా వస్తుంది, అది తోకకప్పల్నీ తూనీగ పిల్లల్నీ కూడా తినేస్తుంది, నిజానికి దోమ లార్వాను తినేవాటిలో ఆ తూనీగ పిల్లలే ముఖ్యం. దోమలు పెరిగేది వీటికి దారి లేని విడి గుంటల్లో, యంత్రం చక్రాల గాడుల్లో, జమ్ము కిక్కిరిసిన మూలల్లో. వాటిని పెద్ద నీటికి కలిపేయండి, లేదా పూడ్చండి.

వారానికోసారి మట్టం కర్ర చూసి రాయడం, నెలకోసారి ఒకే వేళకు పక్షుల లెక్క, ఒకే చోటు నుంచి ఫొటో సరిపోతాయి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే రాత్రి పాచి ఆక్సిజన్ తాగేసిందని అర్థం, ఎండ రాని మబ్బు రోజుల తర్వాత ఇది ఎక్కువ. కొత్త నీరు పారించండి. వేడి కాలంలో బాతులు మెడ వాల్చి రెక్క లేపలేక పడి ఉంటే బోటులిజం (బ్యాక్టీరియా విషంతో కండరాలు చచ్చుబడే రోగం) అని అనుమానించి, పశువైద్యుడికి కబురు చేయండి. చచ్చిన పక్షుల్ని ఆ రోజే చేతి తొడుగులతో ఏరి కాల్చాలి లేదా లోతుగా పాతిపెట్టాలి. కళేబరంలో పుట్టిన పురుగుల్లో విషం పేరుకుంటుంది, వాటిని తిన్న పక్షి మరుసటి కళేబరమవుతుంది. ఆ సమయంలో నీళ్లు దించకండి, వెచ్చటి, లోతు లేని మడుగులు మిగిలి రోగం ఇంకా పెరుగుతుంది.